ఒక్కటేగా

ముందు వాసన వచ్చింది.
మాగిన అరటిపండు వాసన.
చుట్టూ కొబ్బరితోట,
గెలన్నది కనుచూపు మేర లేదు.

శిక్షణలో పెద్ద డాక్టరుగారు చెప్పారు,
తేనెటీగ కుట్టిన చోట ఆ వాసనే లేస్తుందని,
అది మిగతా వాటికి పిలుపని.
అప్పుడు నవ్వుకున్నాను.
లంకలో పుట్టినదాన్ని పట్టుకుని
అరటి వాసనొస్తే పారిపొమ్మంటారేంటని.

ఏడుకొండలు చెట్టు దిగలేదు, జారాడు.
మట్ట చాటున పట్టుందని చూడకుండా కత్తి వేశాడు.
కాళ్ళ బందం ఇంకా చీలమండలకే ఉంది.
గోనె కప్పి ఈడ్చుకొచ్చాం, తోట దాటి గట్టు దాకా.
"చేతులు విసరకు, విసరకు" అని అరుస్తున్నాను.
కాలవలో దూకబోతే నలుగురు పట్టుకున్నారు.
మునిగినవాడు తేలేదాకా
నీళ్ళ మీదే తిరుగుతుంటాయవి,
వాటి ఓపిక మనకెక్కడిది.

కందిరీగ ముల్లు వెంట తీసుకుపోతుంది.
తేనెటీగ పేగులతో సహా వదిలిపోతుంది.
తను పోయినా ఆ తిత్తి
తెగిన బల్లితోకలా కొట్టుకుంటూ
విషం దించుతూనే ఉంటుంది.
గిల్లి తియ్యాలా గీకి తియ్యాలా అని
వాదులాడుకునే లోపు సగం దిగిపోతుంది.
గోటితో కొన్ని, ఆధార్ కార్డు అంచుతో కొన్ని,
లెక్కపెడుతూ తీశాను.
నలభై మూడు.

సున్నం తెచ్చారొకరు. కిరసనాయిలు తెచ్చారొకరు.
కొడవలి రుద్దితే లాగేస్తుందన్నాడో పెద్దాయన.
అన్నీ పక్కన పెట్టించి సబ్బుతో కడిగాను,
చేపల పెట్టెలోంచి ఐసు తీసి
తువ్వాలులో చుట్టి అద్దాను.
ఒళ్ళంతా పొంగినా
కుర్రాడు టీ అడిగాడు.
అమ్మయ్య అనుకున్నాను.

"నాకూ కుట్టిందండి సిస్టరుగారూ, చెవెనకాల."
మంగతాయారు. కింద కాయలేరే మనిషి.
ముల్లు తీసేశాను.
"ఒక్కటేగా" అన్నాను.

ఆ మాట నాదే. ఇంకెవరి మీదా పెట్టను.

కాసేపటికి అంది:
"అరిచేతులు దురదండి, డబ్బులొస్తాయేమో."
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
"ఎలా ఉంది?" అంటే "ఆయ్, బానే ఉందండి."
మళ్ళీ అడిగాను. మళ్ళీ "ఆయ్."
ఈసారి ఆ ఆయ్
కడవలోంచి వచ్చింది.

తల తిప్పి చూశాను.
మెడ మీద దద్దుర్లు, రవికె కిందికి పాకుతూ.
పై పెదవి తనది కానట్టుంది.
గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుని
ఏదో చెప్పబోయి చెప్పలేక
నా వైపే చూస్తోంది.

అడ్రినలిన్.
చీర తప్పించే తీరిక లేదు,
చీరలోంచే తొడకి పొడిచాను.
పొడిచిన చోట చెయ్యి అదిమి పట్టాను,
వణుకు ఆమెదో నాదో తెలియలేదు.

పంటు అవతలి రేవులో ఉంది.
కేకేస్తే వచ్చింది, తన తీరిక తనదన్నట్టు.
వెల్లకిలా పడుకోబెట్టి
కాళ్ళ కింద కొబ్బరికాయల బస్తా పెట్టాం.
కూర్చోబెట్టి నీళ్ళు పట్టిద్దామన్నవాళ్ళని కసిరాను.
గోదారి ఆ పూట
రోజూకంటే వెడల్పుగా ఉంది.

నడిమధ్యలో కళ్ళు తెరిచింది.
గొంతు కొంచెం విడింది.
"అతనికి నలభై మూడు, నాకొకటి.
కూలి పంచినట్టే పంచాయండి" అంది.
పంటువాడు నవ్వాడు. నేను ఏడ్చాను.

ఆసుపత్రిలో రాత్రంతా ఉంచారు,
తగ్గినట్టే తగ్గి తిరగబెట్టొచ్చని.
తెల్లారి రిజిస్టరు రాశాను.
పేరు, వయసు, ఊరు.
"ఎన్ని" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
అక్కడ ఒకటి అని వెయ్యడానికి
చాలాసేపు పట్టింది.

ఇప్పుడు ఎవరు కుట్టించుకొచ్చినా
ముల్లు తీస్తూ కబుర్లు చెప్పిస్తాను.
ఏం వండావు, పిల్లాడికి జ్వరం తగ్గిందా అని.
వాళ్ళు మర్యాద అనుకుంటారు.
నేను గొంతు వింటుంటాను.

అరటిగెలల ఆటో పక్కనుంచి వెళితే
ఆగిపోయి
ముందు పైకి చూస్తాను.